సంతకం పెట్టానని చెప్పాను

కిందటి నెలలో మా వీధి టీచరమ్మ ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. వాళ్లాయనకు రెండేళ్లుగా మనసు బాగాలేదు, హైదరాబాద్‌లో చూపిస్తున్నారు. ఆయన పనిచేసే ఆఫీసు వాళ్లు ఆ కాగితం పంపారట. 'ఆసుపత్రిలో నా గురించి రాసుకున్నవన్నీ మా ఆఫీసువారికి చూపించడానికి నాకు సమ్మతమే' అని ఇంగ్లీషులో నాలుగు లైన్లు, కింద సంతకానికి ఒక చుక్కల గీత.

"అన్నా, నువ్వు ఆఫీసుల పనిచేస్తవు గద. దీనిమీద ఆయనతోని సంతకం పెట్టియ్యాల్నా, వద్దా?" అని అడిగింది.

ఆ చుక్కల గీత నాకు కొత్త కాదు. అటువంటి కాగితమే ఎనిమిదేళ్ల కింద నా చేతిలోనూ ఉండేది. రేపు చెప్తానమ్మా అని ఆమెను పంపేశాను. మర్నాడు నేను చెప్పింది కూడా సగమే. నోటితో చెప్పడం మొదలుపెడితే మధ్యలోనే అలసిపోతాను, ఇటువంటి జబ్బే నాలో మిగిల్చిపోయిన గుణం అది. అందుకని మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఆమెకోసం కొంత, నాకోసం కొంత.

1975

మా ఆఫీసు వరంగల్ సుబేదారిలో ఉండేది. ఏ శాఖో చెప్పను, ఎవరికీ ఉపయోగం లేదు. నాది ఇన్‌వర్డు సీటు. బయటినుంచి వచ్చే ప్రతి కవరూ మొదట నా బల్లమీదికి రావాలి. నేను చించి, నంబరు వేసి, పుస్తకంలో ఎక్కించి, ఏ సెక్షనుకు చెందితే అక్కడికి పంపాలి. ఎర్ర సిరాతో 'రహస్యం' అని రాసిన కవర్లు మాత్రం చించకూడదు, నేరుగా ఆఫీసరు గారికి పోవాలి. అందుకే మేం మొదట చదివేది వాటినే.

వేడి చాయ్ గ్లాసును కవరు అతికించిన చోట పెట్టి అటూ ఇటూ దొర్లిస్తే జిగురు మెత్తబడుతుంది. చదివేశాక వేలితో ఒత్తితే మళ్లీ అతుక్కుంటుంది. ఈ విద్య నాకు నా ముందటి గుమాస్తా నేర్పాడు, ఆయనకు ఆయన ముందటాయన. సీటుతోపాటు కుర్చీ ఎలా వచ్చిందో ఇదీ అలాగే వచ్చింది. తప్పని ఎవరికీ తోచలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మా ఆఫీసరు గారు ఈశ్వరుడు కూడా కాదు.

మా టైపిస్టు చంద్రయ్య మూడు నెలలు వైద్య సెలవు పెట్టాడు. కడుపులో పుండు అని మాతో చెప్పాడు. ఆసుపత్రినుంచి వచ్చిన రహస్యం కవరు మీద నేను చాయ్ గ్లాసు దొర్లించాను. టీబీ అని ఉంది. నా నోట్లో నువ్వు గింజ నానదు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఇద్దరికి చెప్పాను. చంద్రయ్య నయమై తిరిగివచ్చేసరికి అతని బల్లమీద ఒక గ్లాసు విడిగా పెట్టి ఉంది. అది ఎందుకో ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. ఆరు నెలలకు తనే కోరి ఏటూరునాగారం బదిలీ చేయించుకుని అడవిలోకి వెళ్లిపోయాడు. పాపం అనుకున్నాను. నావల్లే అని మాత్రం అనుకోలేదు.

1976

నా భార్య సుగుణ మా మేనమామ బిడ్డ. పెళ్లికి ముందూ తర్వాతా నన్ను బావా అనే పిలుస్తుంది. పెళ్లయిన నాలుగేళ్లకు ఆమె కాన్పుకు హసన్‌పర్తిలోని పుట్టింటికి వెళ్లింది. మగపిల్లవాడు పుట్టాడు. తొమ్మిదో రోజున పోయాడు. పేరు కూడా పెట్టలేదు.

నెల తిరక్కముందే సుగుణ పొలం బావిలో పడింది. నాట్లు వేస్తున్న కూలీలు చూసి, తాడు వేసి బయటికి తీశారట. కబురు తెలిసి నేను వెళ్లేసరికి దుప్పటి కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. "నీళ్లకు వోయి జారింది" అని వాళ్ల వదిన చెప్పింది. ఊరంతా అదే మాట. నేనూ అదే మాట పట్టుకుని మా అవ్వకు, అంటే అమ్మకు, చెప్పాను. సుగుణ భుజం మీద గీరుకున్న గాయానికి పసుపు అద్దారు. నీళ్లు తెచ్చే బిందె మాత్రం వంటింటి గట్టుమీద బోర్లించి ఉంది, చుక్క తడి లేదు. నేను దానివైపు చూసి, ఎవరినీ ఏమీ అడగలేదు.

ఆమెను ఇంటికి తీసుకువచ్చాను. ఆ తర్వాత ఆ సంగతి మా ఇద్దరి మధ్య రాలేదు. సుగుణ కుట్టు మిషను ముందు కూర్చుని, వీధిలోని ఆడపిల్లలకు కుట్టు నేర్పడం మొదలుపెట్టింది. పది పన్నెండు మంది వచ్చేవాళ్లు. ఇల్లు మళ్లీ మామూలుగా ఉందని అందరూ అన్నారు.

1977

నిద్ర పోవడం మానేసింది నేను. పడుకునేముందు సుగుణ కొంగును నా మణికట్టుకు కట్టుకునేవాణ్ణి, ఆమె లేస్తే నాకు తెలియాలని. మొదట్లో ఆమె నవ్వింది. తర్వాత నవ్వలేదు. కట్టుకున్నా నిద్ర వచ్చేది కాదు, ముడి ఉందా లేదా అని తడుముకుంటూనే తెల్లవారేది. ఆఫీసులో మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరుగెత్తేవాణ్ణి. వాకిట్లో నిలబడి మిషను చప్పుడు విని తిరిగి వెళ్లేవాణ్ణి.

మెల్లగా ఆ కవర్లు కూడా నా మీదికి వచ్చాయి. ప్రతి రహస్యం కవరులోనూ మా ఇంటి సంగతే ఉందని నాకు నమ్మకం కలిగింది. ఎవరో బావి గురించి రాశారు, ఎక్కడికో పంపుతున్నారు, చివరికి ఠాణావాళ్లు వచ్చి సుగుణను తీసుకుపోతారు. ఇది పిచ్చి అని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నాకు తప్ప ఎవరికీ తెలియని నిజం అది. ఒకరోజు వచ్చిన టపా మొత్తం సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి బియ్యం డబ్బాలో దాచాను.

మర్నాడు మా అటెండరు సలీం భాయి వచ్చాడు. ఆఫీసులో నాకంటే పదేళ్లు పెద్దవాడు. గొడవ చేయలేదు. చాయ్ తాగి, సుగుణ డబ్బా మూత తీస్తే కవర్లు ఒక్కొక్కటే బియ్యం దులిపి సంచిలో పెట్టుకున్నాడు.

"బిడ్డా, ఫికర్ చెయ్యకు" అని సుగుణతో అన్నాడు. "ఆఫీసుల నేను సంభాళిస్త. గని ఈయనను జల్ది హైదరాబాద్ దవాఖానకు తోల్కపో. గిది భూతం గాదు, గాలి గాదు. మా తమ్మునికి గిట్లనే అయితే అక్కడ నయమైంది."

మా అవ్వ ఒప్పుకోలేదు. పిచ్చి దవాఖానకు పోతే ఇంటి పేరు పోతుందని తల కొట్టుకుంది. నా కోడలిని తిట్టలేను, నా తమ్ముని బిడ్డ, నా కొడుకును తిట్టలేను, ఎవరిని తిట్టాలె అని దేవుణ్ణి తిట్టింది. చివరికి సుగుణే బట్టలు సర్దింది. మేం బయలుదేరాక అవ్వ వీధిలో అందరికీ నేను హైదరాబాద్‌కు ట్రైనింగుకు వెళ్లానని చెప్పింది.

ఆ దవాఖాన వరండా నాకు ఇంకా కళ్లకు కడుతుంది. పొడుగాటి బెంచీలు, వాటి మీద మనుషులు, మనుషుల పక్కన సద్ది మూటలు. ఒకాయన చేతులను ఇంటివాళ్లు తువ్వాలుతో కట్టేశారు, ఆయన ఎవరినీ ఏమీ అనకుండా ఆ ముడినే చూస్తున్నాడు. మాటలు తక్కువ. ఎవరు ఎవరి రోగి అని మాత్రం ఒకరినొకరు అంచనా వేసుకునేవాళ్లం. ఉదయం ఎనిమిదింటికి కూర్చుంటే మా పిలుపు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

అక్కడ పద్ధతి ఏమిటంటే, మొదట రోగిని అడగరు, వెంట వచ్చినవాళ్లను అడుగుతారు. సుగుణను లోపలికి రమ్మన్నారు. నన్ను వదిలి ఎలా పోవాలో తెలియక ఆమె నిలబడిపోయింది. పక్కన బీదర్ వైపునుంచి కొడుకును తెచ్చుకున్న ముసలమ్మ ఉంది. "నువ్వు వో బిడ్డా, నీ మనిషిని నేను పట్టుకుంట" అంది. ఒక చేత్తో కొడుకునూ, ఇంకో చేత్తో నన్నూ పట్టుకుని కూర్చుంది. ఆమె చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. గంటసేపు వదల్లేదు. ఆమె పేరు కూడా నేను అడగలేదు.

సుగుణ బయటికి వచ్చేసరికి ముఖం కడుక్కుని ఉంది. ఏం చెప్పిందో నేను అడగలేదు. అడగకపోవడమే మా ఇద్దరికీ అలవాటు.

రెండు నెలలు లోపలే ఉన్నాను. మందుల వివరాలు నాకు తెలియవు. నాలుక ఎండిపోయేది, చేతులు వణికేవి, అన్నం ముద్ద నోటిదాకా వచ్చేసరికి సగం రాలిపోయేది. కానీ నిద్ర వచ్చింది. ఎన్నాళ్ల బాకీయో తీర్చుకున్నట్టు నిద్రపోయాను. సుగుణ పక్కనున్న సత్రంలో ఉండి రోజూ వచ్చేది. వెళ్లేటప్పుడు, "రేపు వస్త, ఏడికి పోను" అని ప్రతిరోజూ అదే మాట చెప్పేది. ఆ మాట నాకు ఎందుకు చెప్తోందో అప్పట్లో నాకు అర్థం కాలేదు.

1978

ఇంటికి వచ్చాక ఏడాదంతా ఒంట్లో నీరసం. మనిషి నయమయ్యాడంటారు, కానీ గచ్చు మీద కూర్చుంటే లేవడానికి ఒక కారణం వెతుక్కోవాలి. వీధిలో ఎదురైనవాళ్లు "ట్రైనింగ్ అయిపోయిందా?" అని అడిగేవాళ్లు. అయిపోయిందనేవాణ్ణి. కొందరు నవ్వు ఆపుకునేవాళ్లు. వాళ్లమీద కోపం రావడానికి కూడా ఓపిక ఉండాలి కదా, నాకు అదీ లేదు.

ఆ ఏడాది చివర డాక్టరు, పనిలో చేరవచ్చని చీటీ ఇచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్లాను. సూపరింటెండెంటు నరసింహాచారి గారు మంచి మనిషే, కాని రూలు పుస్తకాన్ని దాటి అడుగు వేయరు. చీటీ చూసి పక్కన పెట్టారు.

"చేరనీకి గీ చీటీ చాలయ్య రాజమౌళి. గని నువ్వు పద్నాలుగు నెలలు రాలేదు గద. గవి వైద్య సెలవు కింద పెట్టాల్నంటె మెడికల్ బోర్డు నీ కేసు షీటు చూడాలె. దవాఖానోళ్లకు రాస్తె, రోగి సమ్మతి లేంది పంపం అంటాండ్లు. ఇగో, దీనిమీద సంతకం పెట్టి రెండు వారాలల్ల తేపో."

"పెట్టకుంటే సార్?"

"పెట్టకుంటె గైరుహాజరు కింద పడ్తది. బ్రేక్ ఇన్ సర్వీస్. పదకొండేండ్ల నౌకరి తెగిపోయినట్టే, మల్ల కొత్తగ మొదలు. గట్ల ఎవలన్న చేసుకుంటరా?"

నిజమే, ఎవరు చేసుకుంటారు? నాకు పిచ్చి పట్టిందని ఊరంతటికీ తెలుసు, కొత్తగా పోయే పరువేమీ లేదు. ఆ సాయంత్రం కలం తీసి కాగితాన్ని గడపమీద పరిచాను. సుగుణ ఒక పిల్ల జాకెట్టుకు గుడ్డ కత్తిరిస్తోంది. కత్తెర ఆపింది.

ఇక్కడినుంచి రాసేది సుగుణ చదివి, ఉండనియ్యి అన్నాకే ఉంచాను.

"బావా, జరాగు. నువ్వు పెట్టేముంగట ఒక ముచ్చట చెప్పాలె" అంది. "దవాఖానల నన్ను లోపలికి పిల్చిండ్లు సూడు, గప్పుడు డాక్టర్‌కు అన్నీ చెప్పిన. గంటసేపు చెప్పిన. ఈయనకు ఎప్పటిసంది నిద్ర పడ్తలేదని అడిగిండు. నేను బావిల వడ్డప్పటిసంది అన్న. ఎట్ల వడ్డవమ్మా అన్నడు."

కత్తెర పక్కన పెట్టి, కత్తిరించిన గుడ్డను మడిచి, మళ్లీ విప్పింది.

"నేను జారలే బావా. దునికిన."

"నాకు తెల్సు" అన్నాను.

"తెల్సా? ఎప్పటిసంది?"

"గా రోజే. బిందె ఇంట్లనే ఉన్నది."

"తెల్సి కూడ రెండేండ్లు ఒక్క మాటన్న అడగకపోతివి" అంది. అడిగితే మళ్లీ ఏమవుతుందోనని, అని మొదలుపెట్టి నేను మాట పూర్తి చేయలేకపోయాను. ఇద్దరం ఏడ్చాం. చాలా ఆలస్యంగా ఏడ్చాం, పిల్లవాడి కోసం కూడా అప్పుడే కలిసి ఏడ్చాం.

తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "గవన్నీ ఆయన ఇంగ్లీషుల రాసుకుంటనే ఉన్నడు. కాయితం మీద కాయితం నింపిండు. నువ్వు సంతకం పెడితె అది గూడ మీ ఆఫీసుకస్తది, గందుకే చెప్తాన. అయినా పెట్టు. నౌకరి పోతె ఎట్ల? నా సంగతి నేను సూసుకుంట" అంది.

కాగితం మడిచి పెట్టెలో పెట్టాను. రేపు పెడతానన్నాను.

ఆ ఫైలు ఏ దారిన వస్తుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఇన్‌వర్డు, సెక్షను గుమాస్తా, సూపరింటెండెంటు, ఆఫీసరు, బోర్డు, మళ్లీ అదే దారిన వెనక్కి. మొదటి బల్లమీదే చాయ్ గ్లాసు సిద్ధంగా ఉంటుంది. నా సంగతైతే చదువుకోనీ. కానీ పెళ్లికావలసిన పన్నెండు మంది ఆడపిల్లలు మా ఇంట్లో కూర్చుని కుట్టు నేర్చుకుంటున్నారు. బావిలో దూకిన మనిషి దగ్గరికి ఏ తల్లి తన బిడ్డను పంపుతుంది? పైగా బావిలో దూకితే కేసవుతుందని అందరూ చెప్పుకునే రోజులు. జబ్బులో నేను భయపడిందంతా ఇప్పుడు నా సంతకంతో నిజం కాబోతోందనిపించింది.

ఆ వారంలోనే చంద్రయ్య వచ్చాడు. ఏటూరునాగారం నుంచి ఏదో పనిమీద వచ్చి, సలీం భాయి చెప్తే నన్ను చూడటానికి వచ్చాడట. సీసాలో అడవి తేనె తెచ్చాడు. ఒళ్లు చేసి బాగున్నాడు. నా వణికే చేతులను చూసి, "తక్కువైతది, మందు ఇడువకు" అని ధైర్యం చెప్పాడు. నాకు కూర్చోవడం కష్టమైంది.

"చంద్రయ్యా, అప్పుడు నీ కవరు సంగతి..." అన్నాను.

"తెల్సు" అన్నాడు. "నువ్వే చెప్పినవని గప్పుడే తెల్సు. ఇన్‌వర్డుల నువ్వే ఉంటివి గద. నువ్వు చెప్పకపోతె ఇంకోడు చెప్తుండె." తేనె సీసాను నావైపు జరిపి, "గ్లాసు సంగతి వోనీ. బడిల నా బిడ్డ పక్కన ఎవలు కూసోలే. ఒక్కతే ఆఖరు బెంచీల కూసునేది. గదొక్కటే నాకు ఇంకా మర్సుడు అయితలేదు" అన్నాడు.

క్షమించమని నోరు తెరిచి అడగలేకపోయాను. మంచినీళ్లు ఇచ్చాను. తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. అలవాటు అయిపోయి ఉంటుంది.

మర్నాడు ఆ కాగితం మీద చుక్కల గీత పైన 'నాకు సమ్మతి లేదు' అని రాసి, దాని కింద సంతకం పెట్టాను. నరసింహాచారి గారు రెండుసార్లు చదివారు.

"ఏముందయ్య గంత దాంట్ల?"

"ఏంలేదు సార్."

"మల్లొక్కసారి ఆలోచించుకో. ఇది వోయినంక తిరిగి రాదు."

ఆలోచించుకున్నానని చెప్పాను. ఇంటికి రాగానే సుగుణ గడపలోనే నిలబడి, "పెట్టినవా?" అని అడిగింది.

"పెట్టిన" అన్నాను. అబద్ధం కూడా కాదు, సంతకమైతే పెట్టాను.

1979

కొత్తగా చేరినవాళ్లందరి తర్వాత నా పేరు రాశారు. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాళ్లు నాకు సీనియర్లయ్యారు. నన్ను డెస్పాచిలో, పోయే కవర్లకు గోందు రాసే చోట కూర్చోబెట్టారు. ఒక విధంగా అదే నయం, అక్కడ అంటించడమే కాని విప్పడం ఉండదు. ఇన్‌వర్డులో కొత్త గుమాస్తా ఒకరోజు రహస్యం కవరు మీద గ్లాసు దొర్లిస్తుంటే వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. "చాయ్ సల్లారుతాంది, తాగు తమ్మీ" అన్నాను. వింతగా చూశాడు. పిచ్చివాడు కదా అనుకుని ఉంటాడు. ఆ మాటకు కూడా ఒక ఉపయోగం ఉందని ఆ రోజు తెలిసింది, తాగేశాడు.

జీతం తగ్గిందేమని సుగుణ అడిగితే, సెలవు లెక్కలు తేలేదాకా ఇంతేనన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. ఇద్దరం కలిసి ఏడ్చిన రోజు తర్వాత నేను మారాననుకున్నాను. చూస్తే మళ్లీ పాత అలవాటే.

ఆ ఏడాది వానలు ఆగిపోయాక ఒక సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి సుగుణ ఒక్కతే మిషను తొక్కుతోంది. పిల్లలు అప్పుడే వెళ్లారు. ఐదారుగురే వస్తున్నారని నాకు చాలా రోజులుగా అనుమానం. ఆ రోజు అడిగాను.

"ఏడుగురు మానేసిండ్లు" అంది. "ఎప్పుడో మానేసిండ్లు. నువ్వు సంతకం పెట్టిన అని చెప్పినవు సూడు, గా వారమే."

"ఎందుకు?"

"నేనే చెప్పిన." మిషను ఆపలేదు, కాలు ఆడుతూనే ఉంది. "ఫైలు మీ ఆఫీసుకస్తది, ఇయ్యాల గాకుంటె రేపు వాడకు వస్తది. ఎవలో చెప్తె ఇనేకంటె నేను చెప్పుడే మంచిదని, తల్లులందర్ని కూసోవెట్టి చెప్పిన. నేను బావిల దునికిన, జారలే, పిలగాడు వోయిన బాధకు దునికిన, మీ పిల్లలను తోలుతరో లేదో మీ ఇష్టం అన్న. గా రాత్రికి పానం తేలికైంది. కొందరు రాలే. కమలక్క అందరు వోయినంక ఆగి, నేను సుత గట్లనే నూతి దాక వోయి తిరిగి వచ్చిన అని నన్ను పట్టుకుని ఏడ్సింది."

గడపమీద కూర్చున్నాను. దాచడానికి ఇంకేం మిగలలేదు, చెప్పేశాను. సమ్మతి లేదని రాసి దానికింద సంతకం పెట్టానని, పదకొండేళ్ల సర్వీసు పోయిందని, ఆమె మాట బయటికి రాకూడదనే ఇదంతా చేశానని.

మిషను ఆగింది. సుగుణ కరుగుతుందనుకున్నాను. నా త్యాగం విని కళ్లనీళ్లు పెట్టుకుంటుందని నాలో ఎక్కడో ఒక పిచ్చి ఆశ. ఆమె ముఖం ఎర్రబడింది.

"నీ కాయితం నీది, ఇస్తవో ఇయ్యవో నీ ఇష్టం" అంది. "గని నాకోసం ఇయ్యలేదని చెప్తానవు సూడు, గా మాటలు ఎవలయి? నేను చెప్పినయి. బయటికి రావాల్నా వద్దా అని నన్ను అడగాలె గద. నేను పెట్టుమన్న. పెట్టిన అన్నవు. పది నెలల సంది నేను అందరికీ తెల్సనుకుంట ఈ వాడల నడుస్తాన. నువ్వేమో దాస్తాననుకుంటానవు. ఇద్దరం ఒక్కింట్లనే ఉన్నమా బావా?"

రెండు రోజులు మాట్లాడలేదు. అన్నం పెట్టింది, మందు గుర్తుచేసింది, మాట మాత్రం లేదు. నా జబ్బు రోజులన్నీ కలిపినా ఆ రెండు రోజులంత బరువు లేవు. మూడో రోజు పొద్దున, "నీ మందుల కోసం ఎట్లనన్న పోవాలె గద, హైదరాబాద్ పోదాం. గా ఫైలుల ఏం రాసిండో నేను సూడాలె" అంది.

అప్పుడు తట్టింది నాకు. అందరి ఫైళ్లూ చాయ్ గ్లాసు పెట్టి చదివినవాణ్ణి, నా ఫైలు ఒక్కసారి కూడా చూడలేదు. చూపించమని అడగవచ్చని కూడా తోచలేదు. చీటీకీ మందులకూ తప్ప ఆ గేటు మళ్లీ చూడాలన్నా, ఆ వరండాలో కూర్చోవాలన్నా నాకు ఓపిక లేకపోయింది. ఆఫీసులో ఇచ్చిన ఒక్క కాగితాన్ని పట్టుకుని మా ఇద్దరి బతుకునూ తేల్చేశాను.

1980

అదే వరండా, అవే బెంచీలు. ఈసారి నేను సుగుణ పక్కన మామూలు మనిషిలా కూర్చున్నాను. మా ఎదురుగా ఒక కుర్రవాడి తల్లి నన్ను చూసి, "మీరు ఎవరిని తీసుకొచ్చిండ్లు?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. నన్నే అన్నాను. ఆమె ముఖంలో కాస్త వెలుగు వచ్చింది.

డాక్టరు గారు అప్పటి ఆయనే. రోగికి ఫైలు చూపించే ఆనవాయితీ లేదన్నారు. సుగుణ కదల్లేదు. "నేను సదువుత అంటలేను సారూ, నేను చెప్పింది ఎట్ల రాసిండ్లో మీరే సదివి చెప్పుండ్లి" అంది. ఆయన ఆమెను గుర్తుపట్టారో లేదో తెలియదు. బీరువాలోంచి ఫైలు తెప్పించి, గుడ్డ నాడా విప్పి, మొదటి కాగితాలు తిరగేశారు. నేను ఎప్పటినుంచి తిండి తినలేదో, ఎన్ని గంటలు నిద్రపోయానో, కవర్లు ఎక్కడ దాచానో అన్నీ వివరంగా ఉన్నాయి. మూడు కాగితాలు నా సంగతే. మధ్యలో ఒక్కచోట ఆగి చదివి చెప్పారు. "బిడ్డ మరణం తర్వాత భార్య గురించి అతిగా ఆందోళన పడుతున్నాడు, అని రాశానమ్మా."

"బావి?" అంది సుగుణ.

"ఏ బావి?"

"నేను బావిల దునికింది. మీకు చెప్పిన. మీరు రాస్తనే ఉన్నరు."

ఆయన మళ్లీ పైనుంచి కిందికి వేలు పెట్టి చూశారు. లేదు. "ఇది మీ ఆయన ఫైలు కదమ్మా. మీ సంగతి ఇందులో ఎందుకు రాస్తాను?" అన్నారు. మెత్తగానే అన్నారు. మా మేలు కోరే వదిలేశారో, అవసరం లేదని వదిలేశారో నాకు ఈనాటికీ తెలియదు.

నేను లోపలే లెక్క చూసుకున్నాను. సంతకం పెట్టి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఆ మాట పైకి అనలేదు. ఆఫీసులో గడువు ఎప్పుడో దాటిపోయింది, ఇప్పుడు ఏ సంతకమూ దాన్ని తిప్పలేదు. సుగుణ కూడా అదే అనుకుంటుందనుకున్నాను.

బయటికి వచ్చి వరండా మెట్లమీద కూర్చుంది.

"అవ్వకు చెప్పలే. వదినెకు చెప్పలే. నీకే చెప్పలే. మొట్టమొదలు గా సారుకే చెప్పిన బావా. గంటసేపు చెప్పిన. ఒక్క ముక్క సుత రాయలే."

నా సర్వీసు గురించి ఆమె అనలేదు, మానేసిన ఏడుగురు పిల్లల గురించీ అనలేదు. అంత పెద్ద దవాఖానలో, అన్ని ఫైళ్లలో, తన మాటకు ఒక లైను దొరకలేదని ఏడ్చింది. నేను ఆ మాటను కాపాడాననుకున్నాను. అసలు ఆ మాటను వినవలసింది నేను.

"ఇప్పుడు చెప్పు" అన్నాను. "నాకు చెప్పు. మొదటిసంది."

చెప్పింది. ఆ రోజు పొద్దున పొయ్యి అలికింది మొదలు, పొలం గట్టున ఎవరు ఎదురయ్యారు, ఏం మాట్లాడారు, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయి, తాడు చేతికి తగిలినప్పుడు పట్టుకోవాలని ఎందుకు అనిపించింది, అన్నీ చెప్పింది. వరంగల్ బస్సులు రెండు పోయాయి. నేను మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు.

అంతా చెప్పాక కళ్లు తుడుచుకుని లేచింది. "నువ్వన్న రాయి బావా" అంది. "జారిందని గాదు, దునికిందని రాయి. మల్ల పైకి వచ్చిందని సుత రాయి."

ఆరేళ్లు పట్టింది. రాశాను.